భార్గవి గిటారు, బస్తాల గోడౌను

తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా నేను పనిచేసిన చివరి విద్యాసంవత్సరం, జనవరి నెలాఖరున, వార్షికోత్సవానికి సౌండు బాధ్యత నాకు అప్పగిస్తూ డీన్ గారి ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. టెక్నికల్ ఆఫీసరుది పాఠం చెప్పే ఉద్యోగం కాదు. ల్యాబులో పరికరాలు సవ్యంగా పనిచేసేలా చూడటం, కొత్తవి వస్తే పరీక్షించి తీసుకోవడం, పాతవాటిని బాగుచేయించాలో పక్కన పడేయాలో తేల్చడం మా పని. హోదాలో లెక్చరర్ల కింద ఉంటాం, జవాబుదారీలో అందరికంటే ముందుంటాం. ఎవరికైనా షాక్ కొట్టిందంటే మొదట పిలిచేది మమ్మల్నే.

ఏలూరు నుంచి రోజూ రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. నాకు పుట్టుకతోనే నిలకడ తక్కువ. భీమడోలులో బండి కాస్త ఎక్కువసేపు ఆగితే చాలు, సీట్లోంచి లేచి తలుపు దగ్గర నిలబడేదాన్ని, నేను నిలబడితే డ్రైవరుకి తొందర పుడుతుందన్నట్టు. "కామేశ్వరీ, నువ్వు కూర్చుని కాఫీ తాగగా నేను ఒక్కసారైనా చూడలేదు" అనేవారు మా వారు. ఈ స్వభావం పెట్టుకుని, గంటల తరబడి ఒకే శబ్దాన్ని వినాల్సిన పనిలో ముప్ఫై ఏళ్ళు పైబడి ఎలా నెగ్గుకొచ్చానో నాకే తెలియదు.

ఉత్తర్వు వచ్చిన మర్నాడే భార్గవి ల్యాబుకి వచ్చింది. మెకానికల్ చివరి సంవత్సరం, నల్లజర్ల అమ్మాయి, రైతు కుటుంబం. కాలేజీ మ్యూజిక్ క్లబ్బులో గిటారు వాయించేది. గుమ్మంలోనే నిలబడి, "మేడమ్ గారూ, మన ఆంప్లిఫయరు పాడైందండి. ఒకసారి చూడాలండి" అంది.

క్లబ్బు ఆంప్లిఫయరు మామూలుది కాదు. పూర్వ విద్యార్థి ఒకాయన ఇచ్చిన ట్యూబు ఆంప్లిఫయరు. మా తరంవాళ్ళం ట్యూబుని వాల్వు అనేవాళ్ళం. పాత రేడియోల వెనక ఎర్రగా వెలిగే గాజు బుడ్లు, అవే. దాని లోపల వందల వోల్టులుంటాయి, స్విచ్ కట్టేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. స్పీకరు తగిలించకుండా ఆన్ చేస్తే ట్రాన్స్‌ఫార్మరు మాడి కూర్చుంటుంది. అందుకని దాన్ని ఆన్ చేయడానికి నేను దగ్గరుండి నేర్పి అనుమతి ఇచ్చినవాళ్ళు క్లబ్బు మొత్తంలో ఇద్దరే. అందులో భార్గవి ఒకతె. అది పాడైందనగానే చేతిలో పని పక్కన పెట్టేశాను.

ఏమైందమ్మా, పొగ వచ్చిందా, ఫ్యూజు పోయిందా అని అడిగాను. "అవేం కాదండి. మెటల్ సౌండు రావట్లేదండి" అంది.

మెటల్ అంటే ఇక్కడ లోహం కాదు, ఒక రకం సంగీతం. గిటారు తీగల శబ్దాన్ని ఆంప్లిఫయరు మోయలేనంత పెంచితే అది చిట్లి గరగరలాడుతుంది. దాన్నే డిస్టార్షన్ అంటాం. ఉద్యోగమంతా డిస్టార్షన్ రాకుండా చూడటానికే జీతం తీసుకున్న మనిషిని నేను. ఈ పిల్ల వచ్చి డిస్టార్షన్ కావాలంటుంది, అదీ సరైన డిస్టార్షన్! నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ఆ అమ్మాయి మొహంలో నిద్రలేనితనం కనిపిస్తోంది.

సంగతేమిటంటే, విశాఖపట్నంలో ఊరూరా కచేరీలిచ్చే ఒక బ్యాండు ఉంది. వాళ్ళలో గిటారు వాయించే అతను మానేశాడు. భార్గవి ఫోన్లో రికార్డు చేసి పంపినవి విని, మీ కాలేజీ వార్షికోత్సవానికి వచ్చి ఎదురుగా వింటామన్నారట. అప్పటికే ఆమెకి చెన్నైలో కంపెనీ ఉద్యోగం వచ్చి ఉంది. వాళ్ళ నాన్నగారితో ఒప్పందం చేసుకుంది: బ్యాండువాళ్ళు తీసుకుంటే విశాఖ వెళ్ళనివ్వాలి, తీసుకోకపోతే మారుమాట లేకుండా చెన్నై వెళ్ళి ఉద్యోగంలో చేరిపోవాలి. "ఇదొక్కటే ఛాన్సండి నాకు. మళ్ళీ గూడెం దాకా ఎవరొస్తారండి?" అంది.

ఆంప్లిఫయరుని ల్యాబుకి తెప్పించి బల్ల మీద పెట్టాను. వోల్టేజీలు కొలిచాను. ట్యూబులు ఒక్కొక్కటే తీసి పరీక్షించాను. సిగ్నల్ పంపి, స్క్రీను మీద గీతలు చూశాను. ఏ లోపమూ లేదు, నాకంటే ఆరోగ్యంగా ఉంది. అదే చెప్పాను. భార్గవి నమ్మలేదు. డిసెంబరంతా తాము సాధన చేసుకునే గోడౌనులో బ్రహ్మాండంగా పలికిందని, ఈ పది పదిహేను రోజుల్లోనే చెడిందని వాదించింది.

ఇక్కడ ఈ యంత్రం స్వభావం కొంచెం చెప్పాలి. ముందు పలకన బేస్, మిడిల్, ట్రెబుల్ అని మూడు నాబులుంటాయి. బేస్ అంటే అడుగు శబ్దం, ట్రెబుల్ అంటే పై శబ్దం, మిడిల్ ఆ రెండిటి నడుమ. మనిషి గొంతులో మాట స్పష్టంగా వినపడేది ముఖ్యంగా ఈ నడిమి భాగంలోనే. ఈ ఆంప్లిఫయరు తయారుచేసినవాళ్ళు మధ్యభాగానికి పెద్దపీట వేశారు. మిడిల్ నాబుని సున్నాకి తిప్పినా అది పూర్తిగా పోదు. పైగా ఆ మూడు నాబులూ ఏదీ పెంచవు, తగ్గించడమే వాటి పని. ఒకదాన్ని తిప్పితే మిగతా రెండిటి ప్రభావమూ మారుతుంది. ఉమ్మడి కుటుంబం లాంటి సర్క్యూటు అది. భార్గవికి ఆ మధ్యభాగం గిట్టేది కాదు. ముక్కుతో మాట్లాడుతున్నట్టుందనేది. మిడిల్ సున్నా, బేస్ పూర్తిగా, ట్రెబుల్ పూర్తిగా, డిస్టార్షన్ పెంచే గెయిన్ నాబు ఇక తిరగనంత వరకూ, అదీ ఆమె లెక్క.

సరే, గోడౌను చూస్తే గాని తేలదనుకున్నాను. సాయంత్రం బండి వదిలేసుకుని, భార్గవితోనూ ఆమెతో కలిసి వాయించే పిల్లలతోనూ వెళ్ళాను.

అది డ్రమ్ములు వాయించే కుర్రాడి మేనమామగారి రైసు మిల్లు గోడౌను. హాస్టలు దగ్గర డ్రమ్ములు కొడితే వార్డెను ఒంటికాలి మీద లేచేవారట, అందుకని అక్కడ సాధన చేసుకునేవాళ్ళు. లోపల అడుగు పెట్టగానే నాకు సగం అర్థమైంది. రేకుల కప్పు, సిమెంటు నేల, నాలుగు గోడలు. గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు పైకి పోయి, రేకుల్ని తన్ని, మూలమూలా తిరిగి ఎప్పటికో చల్లారింది.

"డిసెంబర్లో కూడా ఇలాగే ఖాళీగా ఉందా అమ్మా?" అని అడిగాను.

"లేదండి. సార్వా పంట ధాన్యం బస్తాలు కప్పుదాకా ఉండేవండి. మధ్యలో సందు చేసుకుని వాయించుకునేవాళ్ళం. పండగ అయ్యాక లారీల్లో పట్టుకుపోయారండి."

అదీ సంగతి. ధాన్యం బస్తా శబ్దాన్ని మింగేస్తుంది, ముఖ్యంగా పై శబ్దాన్ని. బస్తాల సందులో కూర్చుని, పై శబ్దం చాలట్లేదని ట్రెబుల్ పెంచుతూ పోయింది ఈ అమ్మాయి. బస్తాలు వెళ్ళిపోయాయి, ట్రెబుల్ మిగిలిపోయింది. ఇప్పుడు రేకుల మీంచి అదంతా తిరిగొచ్చి చెవులు చిల్లులు పడుతుంటే, తప్పంతా మిడిల్‌దే అనుకుని దాన్ని ఇంకా ఇంకా తొక్కేసింది. రోజుకింత చొప్పున తిప్పుకుంటూ పోయి, ఎక్కడ బయల్దేరిందో మరిచిపోయింది. ఇంజనీరింగు చదివే పిల్లలు నలుగురు కలిసి ఆంప్లిఫయరుని అనుమానించారు, ట్యూబుల్ని అనుమానించారు, తీగల్ని మార్చారు. కళ్ళెదుట ఒక మిల్లు సరుకంతా మాయమైతే అది మాత్రం ఎవరికీ తోచలేదు! నాకు ఒళ్ళు మండింది, ముచ్చటా వేసింది.

చెప్పగానే సమస్య తీరిపోలేదు. మా అసలు గొడవ అక్కణ్ణుంచే మొదలైంది.

నా పద్ధతి ఏమిటంటే, దారి తప్పినప్పుడు అన్ని నాబులూ మధ్యకి తెచ్చి మొదటి నుంచి రావాలి. ఒకసారి ఒక్క నాబే తిప్పాలి. తిప్పాక వెనక్కి వెళ్ళి వినాలి. భార్గవికి ఇది నరకం. నేను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి ఆమె వేళ్ళు మిడిల్ నాబు మీద ఉండేవి. "చెయ్యి తియ్యమ్మా!" అని అక్కణ్ణుంచే కేకేసేదాన్ని. ఆమె తీసేది, మళ్ళీ పెట్టేది. ఇద్దరం నిలకడ లేనివాళ్ళమే. ఆమె నాబులు తిప్పుతూ, నేను గోడౌనులో ఈ చివర నుంచి ఆ చివరకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ. రోజూ బండి తప్పిపోయేది. మర్నాడు మళ్ళీ అదే తంతు.

ఒకనాడు విసుగొచ్చి, ఒక్కదానివే వాయించినప్పుడు బాగుంటే చాలనుకుంటే నన్నెందుకు పిలిచావని అడిగేశాను. అందరూ కలిసి వాయించమన్నాను. గుమ్మం దగ్గర నిలబడి, ఆమె ఫోనులోనే రికార్డు చేశాను.

భార్గవి వాళ్ళ బ్యాండులో నాలుగోవాడు సతీష్. పాడే కుర్రాడి సంగతి ఈ కథలో అవసరం లేదు గాని సతీష్ సంగతి చెప్పాలి. కొల్లేరు లంక గ్రామం వాళ్ళది, చేపల చెరువులు చూసుకునే కుటుంబం. బేస్ గిటారు, అంటే అడుగు శబ్దం కోసమే ఉండే లావుపాటి నాలుగు తీగల గిటారు, వాయించేవాడు. బహు మెతక మనిషి. వాయిస్తున్నంతసేపూ గిటారుని పైకెత్తి, దాని చెక్కకి గడ్డం ఆనించి ఉంచేవాడు. అదొక అలవాటేమో అనుకున్నాను. అడిగితే, "ఇలా పెట్టుకుంటే ఎముకలోంచి తెలుస్తుందండి. లేకపోతే నేనేం వాయిస్తున్నానో నాకే వినపడదండి" అన్నాడు. రెండేళ్ళుగా అలాగే వాయిస్తున్నాడట. ఎవరికైనా చెప్పావా అంటే, చెప్పేంత విషయం కాదులెండి అన్నాడు.

ఫోనులో రికార్డయినది వేసి వినిపించాను. డ్రమ్ములున్నాయి, గొంతు ఉంది. పైన బుసబుసమని ఒక రొద, కింద మొద్దుగా ఒక మోత. గిటారు ఏదీ? లేదు. ఒంటరిగా వాయిస్తే గోడలు కూలేట్టున్న గిటారు, నలుగురితో కలిసేసరికి ఎటు పోయిందో తెలియకుండా పోయింది. పై శబ్దాన్ని డ్రమ్ముల తాళాలు కమ్మేశాయి, అడుగు శబ్దం బేస్ గిటారు మీద పడి రెండూ కలిసి ముద్దయ్యాయి, మధ్యలో ఉండాల్సినది మనమే తీసేశాం. భార్గవి రెండోసారి వేయమంది. విని, "ఇది నేనేనా అండీ?" అంది. విశాఖవాళ్ళకి ఇన్నాళ్ళూ పంపినవన్నీ ఒంటరిగా వాయించినవేనట.

ఆ తరవాత నా మాట విన్నది. ఆంప్లిఫయరు నేల మీద ఉండి మోకాళ్ళకి వినిపించేది, దాన్ని బల్ల ఎక్కించి ఆమె చెవులకి ఎదురుగా తిప్పించాను. ఆమె మోకాళ్ళకి చెవులు లేవు కదా. గెయిన్ సగానికి తగ్గించాం. గిటారుకి, ఆంప్లిఫయరుకి మధ్య ఓవర్‌డ్రైవ్ అనే చిన్న పెడలు పెట్టించాను. అది మామూలుగా డిస్టార్షన్ పెంచే పరికరం, కాని నేను దాని గరగర పెంచే డ్రైవ్ నాబు సున్నాకి తెచ్చి, మోతాదు పెంచే లెవెల్ నాబు పూర్తిగా పెంచాను. అలా చేస్తే అడుగు శబ్దం ట్యూబుల దాకా వెళ్ళకముందే పలచబడుతుంది, అరచేతి అంచు తీగల మీద ఆనించి కొట్టే దెబ్బలు బురదలో పడ్డట్టు కాకుండా విడివిడిగా పడతాయి. ఆంప్లిఫయరు వెనక సెండ్, రిటర్న్ అని రెండు రంధ్రాలుంటాయి. అక్కడ, శబ్దంలో ఏ భాగాన్ని కావాలంటే దాన్ని పెంచి తగ్గించే ఈక్వలైజరు తగిలించి, మధ్యభాగంలో డబ్బా మోత ఉన్నచోట మాత్రం చిన్న గంటు పెట్టాను. మిగతా మిడిల్ అంతా ఉంచాను, ఇంకాస్త పెంచాను కూడా. ట్రెబుల్ తగ్గించాను. చివరికి బేస్ నాబు దాదాపు కిందికి దించాను.

ఇక్కడ భార్గవి ఎదురు తిరిగింది. బేస్ లేకపోతే మెటల్ ఏమిటండీ, బరువెక్కడుందండీ అని కళ్ళనీళ్ళ పర్యంతం అయింది. ఆ బరువు నీ దగ్గర ఉండాల్సినది కాదు, సతీష్ దగ్గర ఉండాలి, విన్నవాళ్ళకి రెండూ కలిసి ఒకటే పెద్ద గిటారులా వినిపిస్తాయి అని చెప్పాను. మళ్ళీ రికార్డు చేసి వినిపించాను. గోడౌనంతా ఆ పాట కండరాలు తిరిగి నిలబడ్డట్టుంది. అయినా రోజూ మొదట్లో, "నా దగ్గర నిలబడితే మాత్రం సన్నగా ఉందండి" అని గొణిగేది. అది నిజమే. ఆమె చోటు నుంచి అది సన్నగానే వినిపిస్తుంది.

వార్షికోత్సవం నాడు జనం రాకముందే అందరం చేరాం. ఖాళీ ఆడిటోరియంలో మైకులు పెట్టుకున్నాం. గిటారు మైకుని స్పీకరు నడిబొడ్డు నుంచి కొంచెం పక్కకి జరిపాను, నడిబొడ్డున పెడితే శబ్దం గీరినట్టు వస్తుంది. స్టాండ్‌బై స్విచ్ మీద ట్యూబుల్ని వేడెక్కనిచ్చి, ఆఖరి వరుస వెనక, మైకుల శబ్దాలన్నీ కలిపి సరిచేసే నా మిక్సరు దగ్గరకి వచ్చాను. విశాఖవాళ్ళు ముగ్గురు వచ్చి మధ్య వరుసల్లో కూర్చున్నారు. భార్గవి తెర పక్కనుంచి వాళ్ళని చూడటం నేను చూశాను.

మొదటి పాట బాగానే మొదలైంది. నా చోటు నుంచి అన్నీ విడివిడిగా, అన్నీ కలిసి ఉన్నాయి. కాని స్టేజీ మీద ఆమె అవస్థ నాకు కనిపిస్తూనే ఉంది. తల తిప్పి ఆంప్లిఫయరు వైపు చూస్తోంది. జనం అరుపుల్లో తన గిటారు తనకి ఆనట్లేదు. పాటలో గిటారుకి విరామం వచ్చేచోట వెనక్కి రెండు అడుగులు వేసి, ఆంప్లిఫయరు మీద చెయ్యి పెట్టింది. ఎడమ నుంచి లెక్కపెట్టుకున్నాను. అది బేస్ నాబు.

ఓరి దేవుడా! ఆడిటోరియం ఈ చివర నేను, ఆ చివర ఆమె. కేక వేస్తే వినపడదు. ఆ నాబు తిప్పిందా, స్టేజీ మీంచి వచ్చే ఆ మోతని నా మిక్సరుతో ఆపడం కుదరదు. కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు. నిలబడి, గాలిలో చెయ్యి అడ్డంగా ఊపుతున్నాను, పిచ్చిదానిలా. ఆమె నా వైపు చూడలేదు. సతీష్ వైపు చూస్తోంది. ఆ విరామంలో వాడొక్కడే వాయిస్తున్నాడు. గడ్డం గిటారుకి ఆనించలేదు, తల ఎత్తి వాయిస్తున్నాడు. నాలుగు తీగల మీద వాడు చేస్తున్న పని ఆడిటోరియం నేలలోంచి నా అరికాళ్ళకి తెలుస్తోంది. ఇంతటివాడు మన మధ్య ఉన్నాడని ఆ కాలేజీలో ఎవరికీ తెలియదు. భార్గవి నాబు మీంచి చెయ్యి తీసేసి, ముందుకొచ్చి తన వంతు అందుకుంది.

కార్యక్రమం అయ్యాక విశాఖవాళ్ళు స్టేజీ వెనక్కి వచ్చారు. భార్గవితో మర్యాదగా మాట్లాడారు, బాగా వాయించావమ్మా అన్నారు. గిటారు సంగతి తరవాత చూస్తామన్నారు. వాళ్ళ బేస్ వాయించే అతని మీద చాలాకాలంగా తృప్తి లేదట. సతీష్‌ని పక్కకి పిలిచి, పరీక్షలవగానే వచ్చేయమన్నారు.

గిటారు సంగతి తరవాత చూడలేదు. వాళ్ళకి ఇంకెవరో దొరికారని సతీషే వచ్చి చెప్పాడు, తలెత్తకుండా. నేను వెళ్ళను మేడమ్ అన్నాడు కూడా. వెళ్ళకపోతే కాళ్ళు విరగ్గొడతానన్నాను.

భార్గవి చాలా రోజులు నా ల్యాబు వైపు రాలేదు. నాకు కుదురు లేకుండా పోయింది. రైల్లో నిలబడి అదే ఆలోచన: ఆ పిల్ల గిటారు సరిచేయమని వచ్చింది, నేను బ్యాండుని సరిచేశాను, దాంతో ఆ పిల్ల నష్టపోయింది. చదువు ముగిసి వెళ్ళిపోయేవాళ్ళు పరికరాలు తిరిగి అప్పగించాలి. అలా అప్పగించడానికి ఆఖరికి ఆమె వచ్చింది. ఆంప్లిఫయరుకి స్పీకరు తగిలించి, ఆన్ చేసి చూపించి, కట్టేసి, క్లబ్బు తాళంచెవి బల్ల మీద పెట్టింది. నేనే ముందు నోరు విప్పి, నీకిలా అవుతుందనుకోలేదమ్మా అన్నాను.

"మీరేం బాధపడక్కర్లేదండి" అంది, కటువుగానే. "ఆవేళ తిప్పుదామనే వెళ్ళానండి. తిప్పితే సతీష్ వినపడడని తెలుసండి. రెండేళ్ళలో వాడి వాయింపు నేను చెవి పెట్టి వినడం అదే మొదటిసారి. తిప్పలేకపోయాను. మీరు చెప్పారని కాదండి."

తాళంచెవిని నా వైపు జరిపి మళ్ళీ అంది: "కోపం పోవట్లేదండి. మీ మీదేనని మొదట అనుకున్నాను. తరవాత వాడి మీదనుకున్నాను. ఎవరి మీదా పెట్టడానికి లేదండి, అదీ నా కోపం."

మే నెలలో ఆమె చెన్నై వెళ్ళి ఉద్యోగంలో చేరింది. అదే నెలలో నేను రిటైరయ్యాను. శబ్దం కుదిర్చే పని గురించి ఎవరైనా అడిగితే ఇప్పుడు చెప్పేది ఇదొక్కటే: ఒక వాయిద్యం వినపడాలంటే ఇంకొకటి పక్కకి జరగాలి. అందులో మినహాయింపు లేదు. పక్కకి జరిగినవాళ్ళకి దానివల్ల ఏదైనా దక్కుతుందని మాత్రం మా శాస్త్రంలో ఎక్కడా లేదు.